సాయంత్రం పోయే నెట్టు

నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. కార్తీకంలో ఒక సాయంత్రం. తెలుగు మాస్టారుగా రిటైరైన యజ్ఞనారాయణ కళ్ళు నులుముకుంటూ తలుపు తీశాడు. ఎదురుగా, సరిగ్గా ఆయన కింది ఫ్లాటులో ఉండే భాగ్యమ్మ. ఆమె వేలు ఇంకా బెల్లు మీదే ఉంది.

“ఎంతసేపాయె సార్ బెల్లు కొట్టవట్టి. తలుపు గూడ కొట్టిన. చెయ్యి నొచ్చింది.”

“ఏమీ అనుకోకండి. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కునుకు తీశాను. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చాను కదా, ఇప్పుడా విద్య నామీదే పనిచేస్తోంది.”

“మంచిగున్నరు గద?”

“బాగానే ఉన్నాను. ఎందుకలా చూస్తున్నారు?”

“ఏం లే. ఊకెనే.”

“రొప్పుతున్నారేమిటి?”

“మెట్లెక్కి వచ్చిన సార్.”

“మెట్లా? మోకాళ్ళ నొప్పులని ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడతారు కదండీ మీరు.”

“లిఫ్టు కిందికి పోయింది. ఎవలాగుతరు.”

“అంటే సీరియల్ మంచి కొంప మునిగే చోట ఆగిందన్నమాట.”

“ఆ. ఆ, గదే. నెట్టు పోయింది సార్.”

“పోయిందా.”

“పోయింది.”

“మళ్ళీ పోయిందా. అయ్యో. దీంతో ఏం చెయ్యాలో నాకైతే పాలుపోవడం లేదండీ. నిన్న కూడా ఇదే వేళకి కదూ?”

“నిన్న, మొన్న, అటు మొన్న. దినాం దీపం పెట్టే యాళ్లకు పోతది మీ నెట్టు.”

“తలుపు తీసే ఉంది కదండీ.”

“గట్లనే అంటరు దినాం. తలుపు తీసే ఉంది, కుర్చీ ఖాళీగనే ఉంది. రండి అన్న మాట మాత్రం మీ నోట రాదు.”

“అనకూడదండీ. ఇల్లాలు పోయిన ఇల్లు ఎవరినీ రమ్మని పిలవకూడదు. మా తెనాలి వైపు ఏడాది తిరిగేదాకా అంతే.”

“మా దిక్కు గూడ పిలువరు సార్. గని దినాలయ్యేదాకనే. దినాలైనంక పిలుస్తరు, తింటరు, తిట్టుకుంటరు. మీరు ఏడాది అంటున్నరు. ఏ పుస్తకంల ఉంది?”

“పుస్తకంలో లేదు. మా అమ్మ పదమూడు రోజులంది, మేనత్త ఏడాదంది. ఎవరిది ఒప్పో తెలీక పొడుగుదాన్ని పట్టుకున్నాను. తెలీని ప్రశ్నకి పేజీలు నింపే పిల్లవాడిలాగా.”

“మార్కులు వస్తయా గట్ల?”

“నేనైతే వేసేవాణ్ణి కాదు. అయినా మీరేం తక్కువండీ. వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని ఒక్కనాడూ అనలేదు. గ్లాసు కడిగి బోర్లించి, చెప్పాపెట్టకుండా లేచిపోతారు. నేను మిగతా సగం వాక్యం గోడకి చెప్పుకుంటూ ఉంటాను.”

“చావైన ఇంట్ల పోయొస్త అనద్దు సార్. మల్ల గసుంటి పనికే వస్తనన్నట్టు అయితది.”

“అదీ నిజమే. ఇటువాళ్ళు రమ్మనకూడదు, అటువాళ్ళు వస్తామనకూడదు. మరి ఇక మనుషులు ఎలా వస్తారు?”

“నెట్టు పోతె వస్తరు.”

“నిజమే. నెట్టు పోతే వస్తారు.”

“మరి బిల్డింగుల ఎవలు రారా? గింతమంది ఉన్నరు.”

“అందరూ మంచివాళ్ళేనండీ. లిఫ్టులో నన్ను చూస్తే ఏమనాలో తెలీక చెవుల్లో ఏవో పెట్టుకుంటారు. ఒకబ్బాయి పెట్టుకున్నది సరిగా కుదరక కింద పడేసుకున్నాడు, వంగి నేనే తీసిచ్చాను. థాంక్స్ అంకుల్ అన్నాడు. ఆ వారం మొత్తానికి అదే పెద్ద సంభాషణ. అన్నం పొట్లాలు తెచ్చేవాళ్ళు కూడా వస్తారు, తప్పు ఫ్లాటుకి.”

“టీవీల ఏందో రాసుంది సార్.”

“అదా. ఇంకా చూస్తున్నారా అని అడుగుతోంది. మా జయంతి మూసాపేట నుంచి వచ్చి ఇంత టీవీ గోడకి తగిలించి పోయింది, నాన్నకి కాలక్షేపం అని. సినిమా పెట్టుకుని కాసేపు కదలకుండా ఉంటే ఆపేసి ఇలా అడుగుతుంది. అమ్మాయి కూడా ఇంత శ్రద్ధగా అడగదు.”

“నేనడుగుత లేనా?”

“మీరూ అడుగుతున్నారు. దానికి జవాబు చెప్పకపోయినా ఊరుకుంటుంది, మీరు ఊరుకోరు.”

“ఊఁ అనుండ్రి మరి దానికి. నడువనీయుండ్రి.”

“నెట్టు లేదన్నారు కదండీ. ఇప్పుడేం నొక్కినా మధ్యలో సున్నా తిరుగుతుంది. ఆ సున్నాని చూస్తే నాకు జవాబుపత్రాలు గుర్తొస్తాయి. ఎన్ని వేశానో, అన్నీ ఇప్పుడు తిరిగొస్తున్నాయి.”

“అవు. అవు, నెట్టు లేదు గద. నొక్కకుండ్రి. ఉండనీయుండ్రి గట్లనే.”

“కుర్చీ ఖాళీగానే ఉందండీ.”

“కూసుంట, కూసుంట. సార్, మా కొడుకు సాయి అంటుండు, ఐతారం పైకి వస్తడంట.”

“సాయిచందా? ఎందుకు?”

“మీ డబ్బా సూడనీకి. వైఫై డబ్బా. ఆఫీసుల గిదే పని గద వానికి. దాని ఎనుక ఓ బ్యాటరీ పెడ్తడంట. కరెంటు పోయినా ఆగదంట, ఎవలన్న స్విచ్చి ముట్టినా ఆగదంట.”

“స్విచ్చి ఎవరు ముడతారు?”

“ఎవలు ముడతరు. మాటకన్న.”

“అసలు ఆగనే ఆగదా?”

“ఇగ ఈ జన్మల ఆగదంట.”

“అంత గట్టి వైద్యం అవసరమంటారా? పాపం అబ్బాయికి ఆదివారం ఒక్కటే సెలవు.”

“పొద్దంత పండుకుంటడు సార్ ఐతారం. జర కదులుతడు.”

“కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాను కూడానూ.”

“ఏమన్నరు?”

“చూస్తామన్నారు.”

“ఎవలు?”

“వాళ్ళే. ఒకాయన.”

“మొన్న కోతులన్నరు. కోతులు వైరు గుంజుతున్నయన్నరు.”

“ఖాజాగూడ గుట్టల మీంచి వచ్చాయేమో అనుకున్నానండీ.”

“నేను పుట్టిందే ఖాజాగూడల సార్. గా గుట్టలకెల్లి ఒక కోతి నల్లగండ్ల దాక వచ్చి, ఇన్ని బిల్డింగులు ఇడిసిపెట్టి, నాలుగో అంతస్తు ఎక్కి, మీ వైరే గుంజి, నేను చాయ్ తాగినంక మల్ల పెట్టి పోతదా?”

“చదువుకున్న కోతి అయ్యుండొచ్చు.”

“గసుంటిది ఈ బిల్డింగుల ఒక్కటే ఉన్నది.”

“ఉన్నా ఉండొచ్చు. నేను కాదనను.”

“అటు మొన్న వాన అన్నరు. బట్టలు ఆరేసి వచ్చిన నేను, ఒక్క చుక్క లేదు.”

“మబ్బు పట్టిందండీ. మబ్బుకే భయపడే రకం కావచ్చు. మనుషుల్లో లేరా?”

“అసలు గా డబ్బా వంటింట్ల ఎవలన్న పెడ్తరా సార్? సాయి ఇని నవ్వుతడు.”

“అది మా ఆవిడ పుణ్యవతి చేసిన పని. వైరు లాగడానికి వచ్చినతను హాల్లో పెడతానన్నాడు. వింటేనా. హాల్లో ఈయన చూసేదేముంది, వార్తలు, వంట చేస్తూ చూసేదాన్ని నేను అంది. పోపుల డబ్బా పైన మేకు కొట్టించి తగిలించింది. నూనె పడుతుందని దానికో అల్లిన గుడ్డ.”

“బొట్టు గూడ పెట్టింది.”

“నిరుడు దసరాకి. మిక్సీకి, కుట్టుమిషనుకి, దానికి. ఆ చేత్తోనే నాకూ పెట్టబోతే, పనిచేసే వస్తువులకి కదా పెడతారు, నాకెందుకన్నాను.”

“ఏమన్నది?”

“నిజమే కదా అని గిన్నె పక్కన పెట్టేసింది.”

“అక్క గంతే. ఉన్నదున్నట్టు అంటది.”

“డబ్బా అక్కడ పెట్టినప్పట్నుంచీ హాల్లో నా సినిమా ఆగి ఆగి వచ్చేది. హీరో నోరు తెరిచేవాడు, మాట నేను మంచినీళ్ళు తాగొచ్చాక వచ్చేది. ఇదేమిటే అంటే, మీ పాఠం కంటే నయమే అనేది.”

“మాకు మాత్రం మంచిగ వచ్చేది. మీ వంటింటి కిందనే మా వంటిల్లు గద.”

“రాకేం చేస్తుంది. మీకు పాస్‌వర్డు ఇచ్చేసిన సంగతి నాకు చాలాకాలం దాకా తెలీదు.”

“నేనడగలే సార్. ఒట్టు. నేను కరివేపాకు కోసం వచ్చిన. కరివేపాకు దెంపి కొంగుల ఏసి, నీ ఫోన్ ఇటియ్యి భాగ్యమ్మా అన్నది. గది గూడ ఏసిచ్చింది.”

“తన పద్ధతే అది. కరివేపాకు, మంచినీళ్ళు, వైఫై. అడిగితే లేదనకూడదు, అడక్కపోయినా చేతిలో పెట్టాలి. నాకు తెలిసి కరివేపాకు కుండీ ఒక్కటే, దాంతో బిల్డింగంతా తాలింపు పెట్టించింది.”

“కుండి ఎట్లున్నది సార్?”

“నీళ్ళు పోస్తున్నాను. బతికే ఉంది. నన్ను చూస్తే దానికి పెద్ద ఉత్సాహం లేదు.”

“ఇద్దరం ఒక్కపారే పెట్టుకొని చూసెటోల్లం సార్ సీరియల్. అక్క పైన, నేను కింద. అత్త కోడల్ని తిడ్తె చాలు, సింకు గొట్టం మీద గంటెతోటి కొట్టేది, టంగ్ టంగ్ అని. నేను కిందికెల్లి కొట్టేదాన్ని.”

“ఆ చప్పుడు మీదా?”

“మరెవలది?”

“గొట్టంలో ఎలుకలనుకుని నేను బోను కొన్నానండీ.”

“పడ్డదా ఏమన్న?”

“నా బొటనవేలు పడింది.”

“అయ్య సార్.”

“తనకి చూపిస్తే మందు రాసింది. రాస్తూ గోడ వైపు తిరిగి నవ్వింది. దేనికి నవ్వుతోందో ఇవాళ తెలిసింది నాకు.”

“చెప్పలేదా మీకు?”

“చెప్పలేదు. ఇంకా ఏమేం చెప్పలేదో.”

“సార్.”

“ఏమీ లేదండీ. చెప్పండి.”

“నేను గొట్టం కొట్టిన సార్. దినాలైనంక, ఒక్కపారి. సీరియల్ల మంచి సీను వచ్చింది, చెయ్యి ఆగలే. కొట్టినంక యాదికొచ్చింది, పైనకెల్లి ఎవలు కొడ్తరు అని.”

“విన్నాను.”

“విన్నరా?”

“విన్నాను. గంటె తీశాను కూడా. తీశాక, కొట్టడానికి నేనెవరిని అనిపించింది. కింద మీరు, ఆ తిరుగు చప్పుడు విని ఏమనుకుంటారో కదా. గంటె మళ్ళీ లోపల పెట్టేశాను.”

“అప్పటికెల్లే గద సార్, నెట్టు పోవుడు షురువైంది?”

“ఇంచుమించు అప్పట్నుంచే.”

“గదే అనుకున్న.”

“ఏమనుకున్నారు?”

“ఏం లే. చాయ్ పెట్టరా ఇయ్యాల?”

“పెడతాను, పెడతాను. టీ పెట్టి, ఆ చేత్తోనే డబ్బా సంగతీ చూసొస్తాను. లైట్లన్నీ వెలగడానికి కాస్త సమయం పడుతుంది. అందాకా…”

“ఆగుత సార్. దినాం ఆగుతలేనా. చక్కెర జర తక్కువెయ్యుండ్రి. నిన్న పాయసం తాగినట్టుండె.”

“ఒకసారి వేశానో లేదో మరిచిపోయి మళ్ళీ వేస్తున్నానండీ. అనుమానం వస్తే రుచి చూడొచ్చన్న తెలివి తాగాక వస్తోంది.”

“మరి సాయికి ఏం చెప్పాలె? ఐతారం రమ్మందునా?”

“అదే ఆలోచిస్తున్నాను.”

“ఆలోచించనీకి ఏమున్నది. ఇగ మీ నెట్టు పోదు. మీకు పరేషాన్ ఉండది, నాకు పైకి ఎక్కొచ్చే పని ఉండది.”

“అవును. మీకు ఎక్కొచ్చే పని ఉండదు.”

“ఏందట్లంటున్నరు?”

“మంచిదే అంటున్నాను.”

“మంచిదంటె మొకం గిట్ల పెడ్తరా ఎవలన్న?”

“నా ముఖం తీరే అంతండీ. క్లాసులో నవ్వితే పిల్లలు తప్పు చేశామనుకుని లేచి నిలబడేవాళ్ళు.”

“వద్దంటె వద్దనుండ్రి సార్. నోరు తెరిచి చెప్తె గద మంది మనసుల ఏమున్నదో ఎరుకయ్యేది.”

“వద్దని ఎలా అంటాను. అబ్బాయి మంచికే చెబుతున్నాడు. ఇంట్లో నుంచే పని చేసుకునేవాడు, మీటింగుల మధ్యలో నెట్టు పోతే వాడికి మాట. అది నాకు తెలీదా. తెలిసి కూడా… సరే, టీ సంగతి చూస్తాను.”

“చూడుండ్రి.”

“పాలు పెట్టాను.”

“ఇనవడ్డది. డబ్బా సూసిండ్రా?”

“చూస్తున్నాను. గుడ్డ తీస్తున్నాను.”

“ఏమైంది? సప్పుడు లేదు. సార్, నేను రావాల్నా లోపటికి?”

“భాగ్యమ్మగారూ.”

“చెప్పుండ్రి.”

“స్విచ్చి వేసే ఉంది.”

“ఏసే ఉంటది గద సార్. ఎవలు తీస్తరు?”

“నేను. రోజూ నేనే తీస్తానండీ. కంపెనీ లేదు, కోతి లేదు. దీపం పెట్టాక స్విచ్చి తీసి, వెళ్ళి కుర్చీలో కూర్చుని, మీ బెల్లు కోసం చూస్తూ ఉంటాను. పిలవకూడదాయె. పిలవకుండా రమ్మనడానికి నాకింకో దారి తెలీలేదు. ఇంత వయసొచ్చి, ఊరి పిల్లలకి నీతిపద్యాలు నేర్పి, చేసేది ఇదీ. ఆదివారం మీవాడు వచ్చి పట్టుకుంటే మరీ సిగ్గుచేటని ఇప్పుడే చెప్పేస్తున్నాను.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటండీ. కోప్పడండి. మీ సీరియల్ రోజూ సగంలో తెగ్గొట్టింది నేను.”

“కోపం లేదు సార్.”

“సరే. కానీ ఒకటి అర్థం కావడం లేదు. ఇవాళ కునుకు పట్టి, తియ్యడం మరిచిపోయాను. దీపం కూడా పెట్టలేదు. డబ్బా లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, పచ్చగా. నెట్టు పోనే లేదు. మరి మీకెలా పోయిందండీ?”

“పాలు పొంగుతున్నయేమో సూడుండ్రి సార్.”

“పొంగనివ్వండి. చెప్పండి.”

“మాకు గూడ పోలే.”

“పోలేదా?”

“మా నెట్టు మేమే పెట్టిచ్చుకున్నం సార్, బతుకమ్మ కంటె ముందే. సాయికి ఇంట్లకెల్లే పనాయె, మీదేమో దినాం పోవట్టె. మీకు చెప్పద్దన్న నేనే.”

“మరి ఆదివారం బ్యాటరీ అన్నారు?”

“బ్యాటరీ లేదు, గీటరీ లేదు. గట్లనన్న ఒక్కపారి మీ నోట రమ్మన్న మాట వస్తదేమోనని అన్న. రాలే.”

“మరి మీ నెట్టు మీకుండగా రోజూ ఎందుకు ఎక్కొస్తున్నారండీ?”

“మా ఫోన్ల మీ వైఫై పేరు కనవడ్తది సార్. పొద్దుగూకంగ పేరు పోతది. పోయిందంటె, సార్ లేచిండు, దీపం పెట్టిండు, మంచిగనే ఉన్నడు, ఇగ చాయ్‌కు పోదాం అనుకుంట. ఇయ్యాల ఎంతసేపు సూసినా పేరు పోలే. అందుకే లిఫ్టు కోసం గూడ ఆగకుంట ఉరికొచ్చిన.”